బదులు మనిషి

మా వీధిలో పిల్లలకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆఫర్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "తాతా, ఒకసారి చూసిపెట్టు" అంటారు. ఇంగ్లీషులో ఉంటే వాళ్ళు చదివి అర్థం చెబుతారు, తెలుగులో ఉంటే నేనే చదువుకుంటాను. జీతం ఎంతో వాళ్ళకు అప్పటికే తెలుసు. సెలవులు, పీఎఫ్, నోటీసు ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఏం కట్టాలి అన్నవి నేను చూపిస్తాను. అన్నీ అయ్యాక, "నువ్వు వెళ్ళలేని రోజున ఏమవుతుందో అడిగావా?" అంటాను. ఎవరూ అడిగి ఉండరు. నేనూ ఒకప్పుడు అడగలేదు. అడగకపోవడం వల్ల ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో కోత మేస్త్రీగా పనిచేశాను. మోకాళ్ళు ఇక చాలన్నాక, మూడేళ్ళ కిందట మానేశాను. చదువు ఏడో తరగతి. అది బడి లెక్క. నా అసలు చదువు నూజివీడు గ్రంథాలయంలో జరిగింది. కోతలు జూన్‌తో అయిపోతాయి. ఆ తర్వాత వరి నాట్లకు పోయే రోజులు పోగా మిగిలిన ప్రతి రోజూ నేను ఆ బల్ల దగ్గరే ఉండేవాణ్ణి. అక్కడ తెలుగు బీరువాలు ఆరు. ఐదింటిని పూర్తిగా చదివాను. ఆరోది జ్యోతిషం, దాన్ని వదిలేశాను. చరిత్ర, ఆరోగ్యం, చట్టం, ప్రయాణాలు, ఏది దొరికితే అది. గ్రంథాలయంలో ఉండే మేడం కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తూ, "మేస్త్రీ గారూ, ఇది మీరు చదివాకే బీరువాలో పెడతాను" అనేవారు. ఆ మాటకు నేను పొందిన గర్వం మరే పనిలోనూ పొందలేదు.

మా జట్టు పద్ధతి ఒకటి ముందు చెప్పాలి. జట్టులో పద్నాలుగు మందిమి. కానీ పద్నాలుగు మంది మనుషులు అనడం సరి కాదు, పద్నాలుగు ఇళ్ళు అనాలి. ఒక ఇంటి నుంచి ఒక మనిషి రావాలి. ఆ మనిషికి జ్వరం వచ్చినా, పెళ్ళికి పోవాల్సి వచ్చినా ఆ ఇంట్లోంచి తమ్ముడో బావమరిదో వస్తాడు. వాణ్ణి బదులు మనిషి అంటాం. అతని కూలి ఆ ఇంటిదే. ఎవరూ నన్ను అడగనక్కర్లేదు. "అన్నకి బాగోలేదు, నేనొచ్చా" అంటే చాలు. జట్టులో చోటు ఇంటిది. ఇంట్లో ఎవరు వచ్చారన్నది ఆ ఇంటి సంగతి. మా నాన్న మేస్త్రీగా ఉన్నప్పుడూ అంతే, ఆయన ముందు మేస్త్రీ దగ్గరా అంతే.

ఆరేళ్ళ కిందట, తోటల మధ్య ఒక కంపెనీ ప్యాక్ హౌస్ పెట్టింది. బంగినపల్లి కాయను వేడినీళ్ళలో ముంచి, తుడిచి, పెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపడం వాళ్ళ పని. దానికి మామూలు కోత పనికిరాదు. కాయ నేల మీద పడకూడదు, తొడిమ కొంత ఉంచి కోయాలి, సొన చెక్కు మీదికి కారకూడదు. అలా కోసే జట్టు కావాలని మేనేజర్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై దాటని మనిషి. మర్యాదస్థుడు. మా గుమ్మం ముందు బూట్లు విప్పి లోపలికి వచ్చాడు.

"సీజన్ సీజన్‌కీ రాతపూర్వకంగా కాంట్రాక్టు రాసుకుందామండి. మీ షరతులు మీరు చెప్పండి, మావి మేం చెబుతాం" అన్నాడు.

షరతులు చెప్పమని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి అతనే. అంతకు ముందు తోట కౌలుకు తీసుకున్న వ్యాపారి హనుమాన్ జంక్షన్‌లో టీ తాగుతూ ఒక రేటు చెప్పేవాడు, మేం తల ఊపేవాళ్ళం. ఆ సాయంత్రం జట్టంతా మా ఇంటి ముందు చేరింది. 

"మనకేం భయం లేదు, మనకి లైబ్రరీ ఉంది" అన్నాడొకడు.

"లైబ్రరీ కాదురా, లాయర్ ఉన్నాడు. ఫీజు లేని లాయరు" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నాకు లోపల ఎంత సంతోషమైందో పైకి కనపడనివ్వలేదు.

నెల రోజులు గ్రంథాలయంలో కూర్చున్నాను. కార్మిక చట్టాల మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉంది. మేడం జిల్లా గ్రంథాలయం నుంచి మరో రెండు తెప్పించారు. ఒక నోటుబుక్కులో ఎడమ పేజీలో వాళ్ళు అనబోయే మాట, కుడి పేజీలో నేను చెప్పాల్సిన జవాబు రాసుకున్నాను. 

ప్యాక్ హౌస్ ఆఫీసులో మూడుసార్లు కూర్చున్నాం. వాళ్ళు టన్నుకు ఇంత అన్నారు. నేను రోజుకూలి అన్నాను. జాగ్రత్తగా కోయమని మీరే అంటారు, టన్నుకు ఇస్తే మావాళ్ళు పరుగెడతారు, పరుగెడితే కాయకు దెబ్బ అన్నాను. మేనేజర్ ఆలోచించి సరేనన్నాడు. రాకపోకలకు ఆటో, పొద్దున టిఫిను, సొన పడి ఒళ్ళు పొక్కితే మందు, గాలివాన వల్ల పని ఆగిన రోజుకు సగం కూలి, అన్నీ సాధించాను. అన్నిటికంటే పెద్దది ప్రమాద బీమా. చెట్టు మీంచి పడితే మాకు అంతవరకూ దక్కింది తోట యజమాని పంపే పళ్ళ బుట్ట. అదీ ఆయన మంచివాడైతే.

చివరి రోజున నా సొంత సంగతి వచ్చింది. కోతలు లేని నెలల్లో కూడా నాకు జీతం కావాలన్నాను. తోటలు చూసి పెట్టడం, కాపు అంచనా వేయడం లాంటి పనులు చేస్తానన్నాను. మేనేజర్ పెన్ను బల్ల మీద తట్టాడు.

"అది హెడ్డాఫీసును అడగాలండి. ఒప్పిస్తాను గానీ, నాకు ఒక్క మాట ఖాయంగా కావాలి. ఆడిట్‌కి వచ్చేవాళ్ళు జాబితా చూస్తారు, బీమావాళ్ళూ చూస్తారు. పద్నాలుగు మంది ఆధార్ జిరాక్సులు ఇస్తారు కదా, సీజన్ మధ్యలో మనుషులు మారరు కదా?"

"మారరండి" అన్నాను.

హెడ్డాఫీసు దానికీ ఒప్పుకుంది. సంతకం పెట్టి బయటికి వచ్చాక జట్టువాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. నేను మేడం గారికి ఒక బుట్ట చిన్న రసాలు పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆమె కాంట్రాక్టు మొత్తం చదివి, "మా గ్రంథాలయానికి ఇంతకంటే మంచి పేరు ఇంకేం కావాలి" అన్నారు.

ఆ సీజన్ సగం బాగా జరిగింది. మే నెలలో ఒక పొద్దున ఆగిరిపల్లి దాటాక ఉన్న ఒక పాత తోటలో దిగాం. పెద్ద చెట్లు, కాయ కోసే వల కట్టిన చిక్కం కర్ర అందని ఎత్తులో కాపు. ఆటోలోంచి దిగుతున్నవాళ్ళలో, మా జట్టులో అందరికంటే బాగా ఎక్కే మనిషి కనపడలేదు. అతని తమ్ముడు దిగాడు. నలభై ఏళ్ళు ఉంటాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

"అన్నకి నిన్నటి నుంచి జ్వరం మావా. నేనొచ్చా."

"ఎక్కు" అన్నాను.

నేను ఆ పూట అన్నది ఆ ఒక్క మాటే.

గంట తర్వాత నేను వేరే చెట్టు కింద తొడిమలు సరిగ్గా ఉంచుతున్నారా లేదా చూస్తున్నాను. ముందు కొమ్మ విరిగిన చప్పుడు, తర్వాత చిక్కం కర్ర పడిన చప్పుడు, తర్వాత అతను. పురుగు తొలిచిన కొమ్మ. పైకి పచ్చగానే ఉంది. అతను నీళ్ళ బోదె గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. కేక వేయలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "కాళ్ళు ఎక్కడున్నాయి మావా?" అన్నాడు. కాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, అతనికి తెలియడం లేదు.

కాపలా గుడిసెలోని మంచం మీద పడుకోబెట్టి రోడ్డుదాకా మోశాం. తోట యజమాని తన కారు పంపారు. నూజివీడు ఆస్పత్రికి చేరేసరికి ఎవరో ఫోను చేసినట్టున్నారు, అన్న కూడా బండి మీద వచ్చేశాడు. ఒంటి మీద జ్వరం, చుట్టూ దుప్పటి. స్ట్రెచర్ మీద ఉన్న తమ్ముణ్ణి చూసి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"నా పేరు చెప్పు మేస్త్రీ. లిస్టులో ఉంది నేను. ఇద్దరం ఒక్క మాదిరే ఉంటాం, చీకట్లో మా అమ్మే పోల్చుకోలేదు. నా పేరు మీద బీమా వచ్చిద్ది."

అప్పుడు గానీ నాకు జాబితా గుర్తుకు రాలేదు. జట్టువాళ్ళు మా చుట్టూ మూగారు. అందరిదీ అదే మాట. కౌంటర్ దగ్గర పేరు రాయాల్సింది నేనే, చదువుకున్నవాణ్ణి కదా. 

"పేరేంటండీ? వెనక జనం ఉన్నారు" అంది కౌంటర్‌లో అమ్మాయి.

స్ట్రెచర్ మీంచి అతను అంతా విన్నాడు. "నా పేరు రాయి మావా" అన్నాడు.

"నోరు మూసుకోరా, నీకేం తెలుసు" అన్నాడు అన్న.

"నాకు తెలుసు. నే చచ్చిపోతే? నువ్వు పోయావని కాగితమిస్తారు. బతికున్న మొగుడికి వదిన బొట్టు తుడుచుకుంటదా? మా ఆవిడ మొగుడు లేకుండా ముత్తైదువలా తిరుగుద్దా?"

వరుసలో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. అన్న దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చాడు. నేను తమ్ముడి పేరే రాశాను. ఆ పేరు రాసిన ధైర్యం నాదని మా జట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాదు. ఆ రోజు నా చేతిలో పెన్ను మాత్రమే ఉంది.

విజయవాడలో ఆపరేషన్ అయింది. ప్రభుత్వ కార్డు మీద కొంత ఖర్చు గడిచింది. ప్రాణానికి భయం లేదన్నారు, నడక సంగతి చెప్పలేమన్నారు. మందులు, ఆస్పత్రి చుట్టూ తిరుగుళ్ళు, కూలి లేని నెలలు, ఇద్దరు పిల్లల చదువు మిగిలాయి. బీమావాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేశారు. జాబితాలో లేడు కాబట్టి రాదు.

నేను మళ్ళీ గ్రంథాలయానికే వెళ్ళాను. పనిలో దెబ్బ తగిలిన మనిషికి పరిహారం ఇవ్వాలని చట్టం ఉంది, అది నేను చదివిందే. ఆ పేజీ తీసి మేడం గారి ముందు పెట్టాను. ఆమె కాంట్రాక్టు, ఆ పేజీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"కేసు వేయొచ్చు మేస్త్రీ గారూ. కానీ వాళ్ళ లాయరు మొదట అడిగేది ఒకటే. జాబితాలో లేని మనిషిని చెట్టు ఎక్కించింది ఎవరు?"

ఐదు బీరువాలు చదివిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఆ పుస్తకాల్లో యజమాని ఉన్నాడు, కార్మికుడు ఉన్నాడు, కాంట్రాక్టర్ ఉన్నాడు. బదులు మనిషి ఎక్కడా లేడు. అతని గురించి తెలిసినవాణ్ణి ఆ బల్ల దగ్గర నేనొక్కణ్ణే.

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి నోటుబుక్కు తీసుకెళ్ళలేదు.

"నాకూ బాధగానే ఉందండి. కానీ మనుషులు మారరని మీరే చెప్పారు" అన్నాడు.

"చెప్పానండి."

"మరి తెలియక అన్నారా?"

మా పద్ధతిలో బదులు మనిషి వస్తే మనిషి మారినట్టు కాదు, ఇల్లు వచ్చినట్టే. అందుకే మారరు అన్నప్పుడు అది తప్పని నాకు తట్టలేదు. ఇంట్లో వాళ్ళకు, జట్టుకు, మేడం గారికి నేను ఇదే చెప్పాను. సగం నిజం కూడా. కానీ అతను సూటిగా అడిగేసరికి నోట్లోంచి మిగతా సగం వచ్చింది.

"తెలిసే అన్నానండి. ఒక్క క్షణం తట్టింది. ఈ బదులు గొడవ ఎత్తితే ఇదెక్కడి జట్టు అనుకుంటారని, నా పన్నెండు నెలల జీతం పోతుందని ఊరుకున్నాను."

నేను నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క సరుకు బల్ల మీద పెట్టాను. నాకు కోతలు లేని నెలల జీతం వద్దు, ఆ షరతు కొట్టేయండి, దాని బదులు అతనికి సాయం చేయండి అన్నాను. మేనేజర్ హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. పావుగంటలో ఒప్పుకున్నారు. మిగిలిన ఆస్పత్రి ఖర్చు, ఆరు నెలల కూలి. అంత త్వరగా ఒప్పుకున్నారంటే ఇంకొంచెం అడగాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

దానికి ఒక కాగితం జతచేశారు. ఆ కాగితం పట్టుకుని నేను దెబ్బ తగిలిన తమ్ముడి ఇంటికి వెళ్ళాను. అతను మంచం మీద ఉన్నాడు. భార్య గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను చదివాను. అంతా విన్నాక చేట పక్కన పెట్టింది.

"మాకు వచ్చేది చదివావు బాబాయ్. మాకు పోయేది చదువు."

నేను మొదటిసారి ఆ పేరా దాటేశాను. ఆమె కనిపెట్టింది. ఇప్పుడు చదివాను. ఈ విషయమై ఇకముందు కంపెనీని ఏమీ అడగబోమని ఉంది.

"నడవలేకపోయినా?"

"నడవలేకపోయినా అమ్మా."

"పిల్ల పెళ్ళికి ఎదిగొచ్చినా?"

"అప్పుడైనా."

అతను మంచం మీంచే సంతకం గీశాడు. సాక్షిగా ఆమె సంతకం కావాలి. ఆమెకు రాయడం వచ్చు, పదో తరగతి చదివింది. అయినా వేలిముద్రే వేసింది. "నా చేత్తో నా పేరు దీని మీద రాయను" అంది. నేను జీవితంలో చాలా చదివాను. అంత కష్టంగా ఏదీ చదవలేదు.

మరుసటి సీజన్‌కు కాంట్రాక్టు తిరిగి రాసుకునేటప్పుడు నేను ఒక్కటే అడిగాను. ప్రతి ఇంటి నుంచి రెండు పేర్లు. ఒకరు రాలేని రోజున రెండోవాళ్ళు వస్తారు, ఇద్దరికీ బీమా ఉండాలి, ఇద్దరికీ పని నేర్పాలి. దీనికోసం ఎంత పోరాడాల్సి వస్తుందో అని రాత్రంతా జవాబులు కూడబెట్టుకున్నాను. మేనేజర్ రెండు నిమిషాల్లో రాసేశాడు.

"దీనికి పెద్ద ఖర్చేం లేదండి. మొదటిసారే అడిగి ఉంటే అప్పుడే ఇచ్చేవాళ్ళం" అన్నాడు.

అతను నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నమాట అన్నాడు. నేను ఆ గదిలోంచి ఎలా లేచి వచ్చానో నాకు గుర్తు లేదు. పిల్లలు నా దగ్గరికి తెచ్చే ప్రతి కాగితంలోనూ నాకు ఆ మాట వినిపిస్తుంది. మీ జీతం కోసం మీరు గట్టిగా అడగండి, తప్పు లేదు. కానీ అడిగితే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని నోట్లోనే ఆగిపోయే మాట ఒకటి ఉంటుంది. దాన్ని ముందు అడగండి.

ఏడాదిన్నరకు ఆ తమ్ముడు కర్ర సాయంతో నడిచాడు. చెట్టు సంగతి మరిచిపోవాల్సిందే. ప్యాక్ హౌస్‌లో కాయ ఏరే పనికి మనుషులు కావాలని తెలిసి, ఒక రోజు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నేను ఎదురెళ్ళాను.

"పద, నేను మాట్లాడతాను" అన్నాను.

"వద్దు మావా. నువ్వు బయట కూర్చో" అన్నాడు.

కోపంగా అనలేదు. నేను ఖాళీ క్రేట్ల పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆఫీసు అద్దంలోంచి అతనూ మేనేజరూ కనిపిస్తున్నారు, మాటలు వినపడటం లేదు. అతను ఒకసారి కుర్చీ వైపు చూపించాడు, ఒకసారి తన నడుము వైపు. మేనేజర్ ఏదో అన్నాడు. అతను అడ్డంగా తల ఊపాడు. మళ్ళీ చెప్పాడు. నాకు లేచి వెళ్ళి రెండు పాయింట్లు అందించాలని మనసు లాగింది. వెళ్ళలేదు. 

అరగంటకు కాగితం పట్టుకుని వచ్చి నా పక్కన నెమ్మదిగా కూర్చున్నాడు. కర్ర గోడకు ఆనించాడు.

"ఏం అడిగావు?" అన్నాను.

"కుర్చీ అడిగా. నిలబడి ఏరలేనని చెప్పా. గంటకోసారి లేచి తిరగనియ్యాలన్నా. నాకు బాగోకపోతే మా ఆవిడ వస్తదన్నా, ఆవిడ పేరూ రాయమన్నా. రాశాడు." కాగితం నాకిచ్చాడు. "చదువు మావా."

జీతం దగ్గర మొదలుపెట్టబోయాను.

"అది తర్వాత. ముందు నా పేరు చదువు."

ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా చదివాను. అతను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోసారి" అన్నాడు.